రాగి లేని తీగ

పోయిన ఆదివారం తిరుపతిలో మా అమ్మాయి వాళ్లింటికి వెళ్లేసరికి హాల్లో టీవీ కింద రెండు మూరల పొడుగున్న నల్లటి కడ్డీలాంటిదొకటి పెట్టి ఉంది. మనవరాలికి కొనిచ్చిన, టీవీకి తగిలించి ఆడే ఆటల పెట్టెకు సౌండు సరిపోవడం లేదని శ్రీ సిటీలో పనిచేసే మా అల్లుడు తెచ్చాడట. నేను చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, మా అమ్మాయి ఇచ్చిన మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టేలోపల అతను దాని వెనక ఒక తీగ గుచ్చడం, ఇంకో తీగ గోడకు పెట్టడం, మనవరాలు ఆట మొదలుపెట్టడం అన్నీ అయిపోయాయి. చప్పుడు అటునుంచి ఇటు, వెనకనుంచి ముందుకు హాలంతా తిరుగుతోంది. ఎట్లుంది మామా అని అల్లుడడిగితే బాగుందన్నాను. నిజంగానే బాగుంది, కానీ లోపల కాస్త కుళ్లుకున్నాను కూడా. ఎందుకంటే ఇదే పని ఇరవై ఏళ్ల కింద చేయబోయి, ముప్పై ఏళ్లు శబ్దాన్ని నమ్ముకుని బతికిన మనిషినని విర్రవీగి, మా తమ్ముడికి మిగిలిన ఒక్క ఆశనూ నా చేతులారా పాడు చేయబోయాను.

మాది చిత్తూరు. మా నాయనది మైకు సెట్టు అంగడి. మన ఈడు వాళ్లకు మైకు సెట్టు గురించి చెప్పక్కర్లేదు గానీ, పెళ్లయినా జాతరయినా ఎన్నికలయినా యాంప్లిఫయరు పెట్టె, నాలుగు హారన్లు, చుట్టలు చుట్టిన తీగలు ఎడ్లబండిలో వేసుకుని బయలుదేరడం, కొబ్బరిచెట్టుకో కరెంటు స్తంభానికో హారను కట్టడం, ఊరి చివర పొలంలో ఉన్నవాడికి కూడా వినిపిస్తోందా లేదా అని ఒకడిని పంపి చెయ్యి ఊపమనడం, ఇదే మా బతుకు. మా నాయన నేర్పిన విద్యలో ముఖ్యమైన సూత్రాలు రెండే. ఒకటి, కట్టిన హారన్లన్నీ పలకాలి, అన్నీ ఒకే మాట పలకాలి. ఏ ఒక్కటి మూగబోయినా పెళ్లివారి ముందు పరువు పోతుంది. రెండోది, ఏ తీగనైనా కట్టే ముందు మీటరు పెట్టి చూడాలి. ముల్లు కదిలితే తీగ బతికున్నట్టు, కదలకపోతే లోపల రాగి తెగినట్టు, దాన్ని పక్కన పారేయాలి. నేను పన్నెండో ఏట మీటరు పట్టుకున్నాను. ఆ ముల్లు నన్నెప్పుడూ మోసం చేయలేదు.

నాకంటే పదేళ్లు చిన్నవాడైన మా తమ్ముడికి ఈ పని పట్టలేదు. వాడికి బండ్లంటే ప్రాణం. ఇరవై ఏళ్లు నిండగానే తిరుపతిలో జీపు నడపడానికి కుదిరాడు. రోజుకు రెండుసార్లు తిరుమల ఎక్కి దిగడం, మలుపుల్లో వెనక వచ్చే బస్సుకు దారి ఇవ్వడం, వాంతులయ్యే పిల్లలకు నిమ్మకాయ ఇవ్వడం, వాడికి అదే లోకం. ముప్పై దాటాక ముందు సాయంత్రం పూట చూపు మందగించింది. తర్వాత పక్కలనుంచి మసక కమ్ముకుంటూ వచ్చింది. కంటి డాక్టరు చూసి, నట్టనడుమ చూపు కొన్నేళ్లుంటుంది, అంచులు మాత్రం పోతాయి, మందు లేదు అని చెప్పాడు. బండి మానేయమని ఇంట్లో ఎవరమూ అనలేకపోయాం. ఒకరోజు మధ్యాహ్నం వాడే జీపును స్టాండులో పెట్టి, తాళంచెవి యజమాని చేతికిచ్చి, బస్సెక్కి ఇంటికి వచ్చేశాడు. వచ్చి ముందు గదిలో కూర్చున్నాడు. అట్లా కూర్చోవడంలోనే నెలలు గడిచాయి.

అన్నం కూడా మాతో కలిసి తినేవాడు కాదు. పళ్లెం గదిలో పెట్టి వస్తే ఎప్పుడో తినేవాడు. తోటి డ్రైవరు ఒకతను చూడవచ్చి ఆ అవస్థ చూసి, తన పిల్లలు ఆడి వదిలేసిన ఆటల పెట్టె ఒకటి, కార్ల పందేల డిస్కు ఒకటి తెచ్చి ఇచ్చిపోయాడు. ముప్పై మూడేళ్ల మగవాడు పిల్లల ఆట ఆడుకోవడమేమిటని నేను మొదట నవ్వుకున్నాను. కానీ వాడు టీవీకి దగ్గరగా కూర్చుని రెండు చేతులతో పట్టుకునే ఆ ఆట మీట అందుకోగానే నడుము నిటారుగా నిలిచింది. ఎదురుగా ఉన్న దారి కనిపించేది, మలుపు ముందే పసిగట్టేవాడు. పక్కనుంచి వచ్చి గుద్దే బండ్లు మాత్రం కనిపించేవి కావు. వాడి కంటికి అవి ఎక్కణ్ణుంచో ఊడిపడేవి. ప్రతి పందెమూ గోడకు కొట్టుకుని ఆగిపోయేది. రెండు వారాలు ఓర్చుకుని, ఒక మధ్యాహ్నం మీట కింద పెట్టి, దీన్ని ఎవరి పిల్లలకైనా ఇచ్చేయమని మా అమ్మతో చెప్పాడు. అమ్మ అంగడికి నడుచుకుంటూ వచ్చింది, ఎన్నడూ రానిది.

“ఆ పెట్టె కూడా పాయిందంటే వాడింక గోడనే సూస్తా కూసుంటాడురా. నీకు తెలిసిన ఇద్దె ఏదో ఒగటి సెయ్యి” అంది.

నాకు తెలిసిన విద్య శబ్దం ఒక్కటే. పక్కలు కనపడకపోతే వినపడేట్టు చేయాలన్న ఆలోచన ఆ పూటే తట్టింది. గది చుట్టూ అయిదు చిన్న స్పీకర్లు, కింద ఒక పెద్ద డబ్బా పెట్టే హోం థియేటర్లు అప్పుడప్పుడే మనవైపు వస్తున్నాయి. తమ్ముణ్ణి బతిమాలి తిరుపతి తీసుకుపోయాను. అందరూ భాయ్ అని పిలిచే ఒక పెద్దాయన అంగడిలో వరసగా పేర్చి ఉన్నాయి. నేను మైకు సెట్టు వాడి పద్ధతిలో ఒక్కొక్కటీ ఎత్తి బరువు చూశాను, డబ్బాను వేలితో కొట్టి చూశాను, ఎన్ని వాట్లు అని అడిగాను. బాగా బరువైనదాని మీద చెయ్యి వేస్తే భాయ్ నవ్వి, ఊరేగింపుకా ఇంటికా అని అడిగాడు. ఆటకు అని చెబితే, బరువు కాదు చూడాల్సింది, ఆట పెట్టెలోంచి అయిదు దారుల సౌండు విడివిడిగా తీసుకునే రంధ్రం దీని వెనక ఉందా లేదా అని చూడాలన్నాడు. పందెం కారు చప్పుడు పెట్టించి తమ్ముణ్ణి నడుమ కుర్చీలో కూర్చోబెట్టాడు. వాడు కళ్లు మూసుకుని వింటూ వింటూ ఒక్కసారి తల కుడివైపు తిప్పాడు. ఎన్ని నెలల తర్వాతో వాడి ముఖంలో ఏదో కదిలింది. దాన్నే కొన్నాం. భాయ్ దానితోపాటు పురికొస కంటే కాస్త లావుండే నల్లటి తీగ ఒకటి చుట్టి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాను. అమ్మ పెరట్లో పనులన్నీ మానుకుని గడపలో కూర్చుంది. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, అన్నీ నా అలవాటు కొద్దీ దూలం పక్కన మేకులు కొట్టి ఎత్తులో వేలాడదీశాను. ఆ నల్ల తీగ చేతిలోకి తీసుకుని, నాయన నేర్పినట్టే ఈ కొనకొక పుల్ల, ఆ కొనకొక పుల్ల పెట్టి మీటరు చూశాను. ముల్లు కదల్లేదు. కొనలు గీకి మళ్లీ పెట్టాను, కదల్లేదు. భాయ్ చెడిపోయిన తీగ అంటగట్టాడని తిట్టుకుంటూ దాన్ని చుట్టి అటక మీద పడేసి, ఆటల పెట్టెతో వచ్చిన ఎర్ర తీగ, తెల్ల తీగ తెచ్చి బిగించాను. ముందువి పలికాయి, వెనకవి మూగగా ఉన్నాయి. మైకు సెట్టు వాడికి మూగ స్పీకరును మించిన అవమానం లేదు. రిమోటులో ఉన్న మీటలన్నీ ఒకటొకటిగా నొక్కుతూ పోతే, ఒకదానికి అయిదూ కలిసి ఒకేసారి ఘొల్లుమన్నాయి. గంగ జాతరలాగా గది అదిరిపోయింది. నేను గర్వంగా మీసం మీద చెయ్యి వేసుకుని తమ్ముణ్ణి కూర్చోబెట్టాను.

వాడు మొదటి మలుపులోనే గుద్దుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ గుద్దుకున్నాడు. మూడోసారి అసలు బండి కదిలించలేదు, చెవులు మూసుకుని కూర్చున్నాడు. సౌండు చాలలేదేమోనని నేను ఇంకా పెంచబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

“అన్నా, అన్నీ ఒగటే మాట సెప్తా ఉండాయి. అన్ని పక్కలా అరిస్తే బండి ఏ పక్క నించి వస్తాండాదో నాకెట్ల తెలస్తాది? కొన్ని గమ్మునుంటేనే గదా, పలికింది యాడుండాదో తెలిసేది.”

వాడు కోపంగా అనలేదు, మెల్లిగానే అన్నాడు. అని, లేచి గోడ తడుముకుంటూ లోపలి గదిలోకి పోయాడు. గడపలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఊరు చివరి పొలం దాకా వినిపించిన నేను ఎదుట కూర్చున్న తమ్ముడికి వినిపించలేకపోయాను కదా అని నాకు ఎంత సిగ్గు వేసిందో ఇప్పుడు కూడా చెప్పలేను. ముప్పై ఏళ్లుగా నేను అందరికీ ఒకటే మాట పంచిన మనిషిని. ఒక్కడికి, వాడికి కావలసిన వైపునుంచి, కావలసినంతే వినిపించడం ఎట్లాగో నాకెవరూ నేర్పలేదు.

ఫోను తీసుకుని భాయ్‌తో పోట్లాటకు దిగాను. తీగ చచ్చిపోయింది, మీటరు పెట్టి చూశానని అరిచాను. ఆయన నా అరుపంతా విని, తొందరపడకుండా జవాబు చెప్పాడు.

“దాన్లో రాగి ఉండదప్పా, యెలుతురు పోతాది. ఒగ కొన ఆట పెట్టెకి పెట్టి, ఇంగో కొన సూడు.”

అటక మీద నుంచి తీగ దించి, తలుపులు మూసి గది కాస్త చీకటి చేసి, ఆయన చెప్పినట్టే చేశాను. చేతిలో ఉన్న కొనలో ఆవగింజంత ఎర్రటి వెలుగు కనిపించింది. నేను లోపలి గదిలోకి పోయి, తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చి, ఆ కొనను వాడి కళ్లకు నేరుగా పట్టాను. వాడు దాన్ని చూశాడు. అంచులన్నీ పోయి నడుమ మిగిలిన ఆ కాస్త చూపుకు సరిగ్గా సరిపోయేంత వెలుగు అది. కనిపిస్తోందని తల ఊపి, నా చేతిలోంచి తీగ తీసుకుని వేళ్లతో తడిమి రంధ్రం వెతికి వాడే గుచ్చాడు. సౌండు ఈ తీగలోంచి పోయేట్టు ఆటల పెట్టెలో కూడా ఒక చోట మార్చాలని భాయ్ చెబితే అదీ మార్చాం. మేకులు పీకి, కూర్చున్నప్పుడు వాడి చెవులు ఎంత ఎత్తులో ఉంటాయో గోడ మీద బొగ్గుతో గీసి, వెనక స్పీకర్లు అక్కడికి దించాను.

ఆ పందెం నాకు బాగా గుర్తుంది. ఒక స్పీకరు పలికితే తక్కినవి ఊరుకుంటున్నాయి, నేను ప్రతిసారీ లేచి చూస్తున్నాను, తీగ ఊడిందేమోనని. తమ్ముడు మాత్రం తల కదపకుండా, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, “ఎడం పక్క ఎనకాల ఒగడొస్తాండాడు” అన్నాడు. అని కారును కుడివైపు జరిపి, వెనకవాడికి దారి ఇచ్చాడు. పందెంలో దారి ఇచ్చేదేమిట్రా అని నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కొండ దారి మర్యాద అది, వాడి చేతుల్లోంచి పోలేదు. అందరికీ దారి ఇచ్చి ఇచ్చి ఆ రోజు చిట్టచివర వచ్చాడు, కానీ ఒక్కసారి కూడా గుద్దుకోకుండా వచ్చాడు. ఆ మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి మాతోపాటు నేల మీద కూర్చుని అన్నం తిన్నాడు. అమ్మ మారు వడ్డించింది.

అప్పటినుంచి దాదాపు పదేళ్లు మా ఇంట్లో కార్ల మోత ఆగలేదు. తోటి డ్రైవర్లు వచ్చి పందేలు కట్టి ఆడేవాళ్లు, కళ్లను నమ్ముకుని ఓడిపోయేవాళ్లు. వాడు తర్వాత ఒక ట్రావెల్సు ఆఫీసులో ఫోన్ల దగ్గర కుదురుకున్నాడు. సాయంత్రం ఇంటికి రాగానే ఆట మొదలయ్యేది. అమ్మకు ఎవరు గెలిచారో, అసలు ఏ ఆటో ఎన్నడూ తెలియదు. వంటింట్లో బియ్యం ఏరుకుంటూ ఆ మోత వినేది, అంతే. మోత వినిపిస్తున్నంత సేపు ఆమె మనసు కుదుటగా ఉండేది. ఎప్పుడైనా అది ఆగితే చేతిలో పని వదిలి, ఏదో వస్తువు వెతుకుతున్నట్టు ముందు గదిలోకి వచ్చి వాణ్ణి చూసి పోయేది.

అమ్మ పోయి మూడేళ్లయింది. తమ్ముడికి నడుమ మిగిలిన ఆ కాస్త చూపు కూడా ఇప్పుడు లేదు. చూపు లేనివాళ్ల కోసమే తయారుచేసిన ఆటలు వచ్చాయట, తలకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఏ దేశంవాళ్లతోనో పందేలాడతాడు, ఎప్పుడో తనలో తను నవ్వుకుంటాడు. మంచి కాలమే వచ్చింది, నేను కాదనను. అయితే బయటకు ఒక్క చప్పుడు రాదు. అమ్మ ఇంటి నలుమూలల నుంచీ వాణ్ణి ఎట్లా కనిపెట్టుకుని ఉండిందో ఇప్పుడు నాకు అర్థమవుతోంది, ఆ వసతి నాకు లేదు. రోజూ సాయంత్రం వాడి దగ్గరికి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, ఎట్లుండావురా అని అడుగుతాను. వాడు ఒక చెవి పైనది తీసి, “బాగుండానన్నా” అంటాడు, మళ్లీ పెట్టేసుకుంటాడు. బాగున్నాడనే అనుకుని నేను పక్క గదిలోకి వచ్చి కూర్చుంటాను. కాసేపటికి మళ్లీ లేస్తాను.