రెండు ఫోన్లూ ఈతవనం చూపించిన రోజు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఒళ్లు మంట. ఇంట్లో ఎవరైనా ఆ మాట ఎత్తితే లేచి బయటకు పోయేవాణ్ని. ఇప్పుడు నేనే ఇది రాస్తున్నందుకు నా మీద నాకే చిరాకుగా ఉంది.

నాయిన మగ్గం నేసేవాడు. ఆయన పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాలి. అంటే ఆయన ఇష్టంగా తిన్నవన్నీ విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా కాచుకోవాలి. కాకికి ఆకలి లేకపోతే పోయినాయనకు మన మీద కోపమట! సెలవు సంగతి చూసుకోవడానికి జడ్చర్ల వెళ్లిన నేను ఆ పొద్దున బామ్మర్ది కారులో ఆత్మకూర్ దగ్గరి మా ఊరికి తిరిగి బయలుదేరాను. దారిలో తమ్ముడు ఫోన్ చేశాడు.

“అన్నా, పిట్ట ముడ్తలేదు. అది ముట్టేదాక అమ్మ మంచినీళ్లు గూడ తాగనంటాంది. కండ్లు తిరిగి పడ్డది. జల్ది రా.”

అమ్మకు షుగర్. నాకు భయమేసింది.

వంతెన పనులని రోడ్డు మూసేశారు. ఇక పక్క ఊళ్ల మీదుగా పోవాలి. బామ్మర్దికి వాడి మ్యాప్ యాప్ దేవుడు. అది చెరువులోకి దిగమన్నా దిగుతాడు. నేను ఇంకో కంపెనీది పెట్టాను. నాది కుడి అంటే వాడిది ఎడమ. వాటి తరఫున మేమిద్దరం తిట్టుకున్నాం.

ఒక మట్టిబాట దగ్గర మాత్రం రెండూ ఎడమకే తిరగమన్నాయి. తిరిగాం. ఈతవనం అంచున, గమ్యం చేరుకున్నారని రెండూ ఆగిపోయాయి. ఊరు కనుచూపు మేరలో లేదు. వాటిని తయారుచేసినవాళ్ల చదువులను నోటికొచ్చినట్టు తిట్టాను.

కల్లు గీసే ఆయన చెట్టు దిగి నా దగ్గరికొచ్చాడు. “నువ్వు మగ్గమాయన కొడుకువేనా? గదే మొఖం. మీ నాయిన రోజు సైకిల్ మీద గీడికే వస్తుండె. మొన్నటి సంది కనవడ్తలేడేంది?”

చెప్పాను. ఆయన సీసాలో కల్లు పోసి నా చేతిలో పెట్టాడు.

భజన మండలిలో చేరాక మా తమ్ముడు మహా నిష్ఠాపరుడైపోయాడు. విస్తరి పక్కన కల్లు పెట్టనివ్వలేదని ఇంటికెళ్లాకే తెలిసింది. వాణ్ని పక్కకు నెట్టి, ముంతలో కల్లు పోశాను. వెనక్కి జరిగానో లేదో కాకి వాలింది. అమ్మ నీళ్లు తాగింది.

కాకులు ఎప్పుడో ఒకప్పుడు వాలుతాయి. రెండు యాప్‌లూ ఒకే తప్పు చేయొచ్చు. ఇదంతా నాకు తెలుసు. కానీ తర్వాత ఎన్నిసార్లు పెట్టి చూసినా వాటిలో ఏదీ ఆ బాటలోకి తిప్పలేదు. ఎందుకో చెప్పలేను.

ఆ రోజు అన్నం కలుపుకుంటూ అమ్మ అడిగింది. “కల్లు తెమ్మని నీకెవరు చెప్పిండ్రు బిడ్డా?”

ఫోన్ అందామనుకున్నాను. “నాయిననే అమ్మా” అన్నాను. అది అబద్ధమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు.