బిగించిన రబ్బరు

మా పాత పికప్‌కి రెండు తలుపులు. వానాకాలంలో కారేది మాత్రం ఒకటే, నేను కూర్చునే వైపుది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఎండిపోయి, ముట్టుకుంటే అప్పడంలా విరిగేది. ఆ మాట చెప్తే, అద్దం సరిగ్గా ఎక్కించడం నాకు రాదని తేల్చేశాడు మా ఆయన. ఆ బండి ఎక్కినప్పటి నుంచి నా ఎడమ భుజానికి వేరే నల్లా కనెక్షన్ అక్కర్లేకపోయింది.

నా భుజం కోసం రబ్బరు మారుతుందా? చీర కోసం మారింది. పోచంపల్లిలో మా మామ, అంటే మా ఆయన నాయిన, మా అమ్మాయి నిశ్చితార్థానికి పట్టుచీర నేశాడు. చూపు తగ్గింది, ఇదే చివరిది, ఇంక మగ్గం ఎక్కనన్నాడు. పాడైతే మళ్లీ నేసే చెయ్యి లేదు. దాన్ని వానల్లో దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటికి తేవాలి. అప్పుడు తెలిసింది దొరగారికి, తలుపు కారుతుందని.

ఎల్బీనగర్‌లో స్పేర్‌పార్టుల దుకాణాయనది కోస్తా. రబ్బరు చేతికిచ్చి మరీ చెప్పాడు: "లాగొద్దండి. ఊరికే నొక్కుకుంటూ వెళ్లండి, అతుకు కిందకి రావాలి." మా ఆయన బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చి పళ్లు బిగబట్టి లాగాడు. చిన్నప్పుడు మగ్గం మీద పడుగు దారాలు బిగించిన చేతులాయె, పొడుగ్గా ఏది కనబడినా బిగించాల్సిందే. మంచం నవారు, బట్టల తీగ, అమ్మాయి చిన్నప్పటి జడ, అన్నీ ఆ బాధలు పడ్డవే. రెండు తలుపులూ అయ్యాక జానెడు ముక్క మిగిలింది. షాపాయన ఎక్కువిచ్చిండని మురిసిపోయి, దాన్ని బహుమతిలా డ్యాష్‌బోర్డు మీద పెట్టుకున్నాడు.

మధ్యలో నాలుగు ఎండలు తగిలాయో లేదో, లాగిన రబ్బరు వెనక్కి ముడుచుకుంది. అతుకు పైన పెట్టాడు కాబట్టి రెండు తలుపులకీ పైనే సందు తేలింది, నా వైపుది సరిగ్గా నా నెత్తి మీద. చూపిస్తే, గాలి ఆడాలె కదా అన్నాడు.

పోచంపల్లిలో మా మామ చీర నా ఒళ్లో పెట్టాడు. కొడుకు మగ్గం వదిలి బండి కొన్నప్పటి నుంచి ఆయన ఆ బండి వైపు చూసిందే లేదు. ఆ రోజు తనే కొడుకు కూర్చునే వైపు తలుపు దగ్గరికి వెళ్లి, కొత్త రబ్బరు మీద చెయ్యి పెట్టి నిమిరాడు. పైనున్న సందు దాకా ఆయన చెయ్యి పోలేదు.

"బిగువు మంచిగున్నది బిడ్డా. మగ్గం చెయ్యి పోలే నీకు," అన్నాడు.

మా ఆయన తల దించుకుని తాళంచెవి వెతికాడు. అది బండికే ఉంది.

అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర వాన దంచింది. నీళ్లు నా నెత్తి మీద, మెడ మీద. చీరని కొంగులో చుట్టి పొట్టకి అదుముకుని వంగిపోయాను. భయానికి ఏడుపొచ్చింది.

"మీ నాయిన కండ్లు పోయినయి ఈ చీరకు. బండి ఆపు," అన్నాను.

ఆపాడు. దిగి, తడుస్తూ, ఆ జానెడు ముక్కని మడిచి సందులో కుక్కాడు. చక్కగా సరిపోయింది. ఎందుకు సరిపోదు, మొదటి నుంచీ అది ఉండాల్సింది అక్కడే కదా. చీర మీద చుక్క పడలేదు. నా వీపు సంగతి ఎవరూ అడగలేదు.

తర్వాత నా తలుపుకి కొత్త రబ్బరు నేనే వేశాను. మా పుట్టింటివాళ్లది నల్లగొండ దగ్గర వ్యవసాయం, బిగించే జబ్బు లేదు. వదులుగా నొక్కుకుంటూ పోయాను. ఇప్పుడు కారదు. ఆయన తలుపే కారుతోంది. అదీ మారుస్తానంటే ముట్టనివ్వలేదు.

"నాయిన మంచిగున్నదన్నడు," అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

వాన పడితే ఆయన కుడి భుజం మీద తువ్వాలు వేసుకుని బండి నడుపుతాడు.