సముద్రం లేని ఊళ్ళో కాపలా

1958లో నేను బెంగుళూరులో ఒక కంటి ఆసుపత్రిలో నర్సుని. మాది కోలారు పక్క పల్లె. సముద్రం ఎట్లా ఉంటుందో అప్పటికి చూసి ఎరగను. ఆ రోజుల్లో క్యాటరాక్ట్ ఆపరేషన్, అంటే కంట్లో శుక్లం తీయడం, అయ్యాకే అసలు పరీక్ష మొదలయ్యేది. రెండు కళ్ళకీ కట్టు కట్టి, తల కదలకుండా అటూ ఇటూ శాండ్‌బ్యాగులు, అదే ఇసుక సంచులు, పెట్టేవాళ్ళం. రోగి దిగ్గున లేచాడంటే కోసిన చోటు విడిపోయి కన్ను పోయేది.

ఆ ఏప్రిల్‌లో బందరు నుంచి ఒక ముసలి పడవ సరంగు వచ్చాడు. ఒక కన్ను ఎప్పుడో పోయింది, ఇప్పుడు శుక్లం తీయాల్సింది మిగిలిన ఒక్క కన్నుకే. మహా మాటకారి.

"మా బందరంటే ఏమనుకున్నావు సిస్టరమ్మా? మా అద్దకం గుడ్డల కోసం డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు ఓడలేసుకొచ్చి పోటీలు పడ్డారు. రేవు మేట వేశాక ఓడలు దూరంగా ఆగిపోయేవి. ఇక సరుకంతా మా పడవల్లోనే."

ఆ వైభవం ఆయన చూసింది కాదు, విన్నది. అయినా నిన్న జరిగినట్టే చెప్పేవాడు.

ఆపరేషన్ అయిన మర్నాడు మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలివాన మొదలైంది. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. తాత మంచం పట్టీ పట్టుకుని మెడ బిగించి లేవబోయాడు. పరుగున వెళ్ళి భుజాలు అదిమిపట్టాను.

"లేయొద్దు తాతా. ఈడ సముద్రం యాడుండాది?"

"బందరులోనూ ఊళ్ళో సముద్రం లేదమ్మా. వచ్చింది."

పట్టీ వదలకుండానే చెప్పాడు. "వెనకటి ఉప్పెననాడు, సముద్రం ఊరిమీదికొచ్చిన రాత్రి, గాలి హోరు వింటూ కూడా జనం పడుకునే ఉన్నారంట. మా నాయనమ్మ అప్పుడు చిన్నపిల్ల. ఇంటిల్లిపాదిలో ఆమె ఒక్కతే మిగిలింది. గాలి రేగితే పడుకోవద్దని మాకు ఉగ్గుపాలతో నేర్పింది."

బెంగుళూరు ఎత్తు మీద ఉన్న ఊరు, నీళ్ళు ఎక్కవు అని చెప్పబోయి మాట మార్చాను. అంత భయంతో వాదనేమిటి? పడవ మీద ఎట్లా నిద్రపోయేవాళ్ళని అడిగాను.

"ఒకడు మేలుకుని చూస్తుంటాడు. తక్కినవాళ్ళు పడుకుంటారు."

"అట్లయితే ఈ పొద్దు సూసేదాన్ని నేను. మీరు పండుకోండప్పా."

కిటికీ దగ్గర నిలబడి చూసిందల్లా చెప్తూ పోయాను. "రోడ్డు మీద నీళ్ళు పారతా ఉండాయి. చీలమండ కూడా మునగదు. జట్కా పోతా ఉండాది."

"గాలెటు?"

"చెట్లు పడమటికి వంగతా ఉండాయి."

హెడ్ సిస్టర్ వచ్చి ఇదేం పని అని కసిరింది. కాపలా అన్నాను. నన్నూ తాతనూ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయింది. వాన వెలిసేసరికి ఆయన పట్టీ వదిలేసి, గురక పెడుతున్నాడు.

కన్ను నిలిచింది. కట్టు విప్పిన రోజు నన్ను దగ్గరికి పిలిచి తేరిపార చూశాడు.

"ఇంత చిన్నపిల్లవా? నీ మాట నమ్మి పడుకున్నానే."

నవ్వాను గానీ, ఆ మాటకు లోపల భయమేసింది. కళ్ళకు కట్టుతో పడుకున్న మనిషి మన మాట మీద ప్రాణం పెట్టేస్తాడు. ఆనాటి నుంచి ఏ రోగితోనూ "ఏం కాదులే" అని ఊరికే అనలేదు. వెళ్ళి చూసి, చూసిందే చెప్పాను.