వెలుగులో సగం వాటా

ఆ బజారుకి ఎండ తెలియదు. రెండు వరుసల దుకాణాలు, మధ్యలో సన్నటి దారి, పైన రేకుల కప్పు. పొద్దున షట్టర్లు లేచింది మొదలు మూసేదాకా పైన పాత ట్యూబులైట్లు జుమ్మని మూలుగుతూ వెలిగేవి. బట్టల దుకాణానికీ గడియారాల దుకాణానికీ నడుమ ఇరుక్కున్న చిన్న గది రఫూ అక్కది. చిరిగిన బట్టను పోగు పోగుగా అల్లి, చిరుగు ఎక్కడుండేదో తొడుక్కున్నవాళ్లకే తెలియకుండా చేయడం ఆమె పని. ఆ పని వల్ల వచ్చిన పిలుపే ఇంటా బయటా స్థిరపడిపోయింది.

పని నేర్పింది అత్తగారు. పెళ్లయిన కొత్తలో కోడలి చేతికి సూది ఇచ్చి, "వంట నా కొడుక్కీ వచ్చు. ఇది వాడి వల్ల కాదు, నువ్వు నేర్చుకో" అందట. ఇప్పుడు పెద్దావిడ పని మానేసింది గానీ దుకాణం మానలేదు. మూల కుర్చీలో కూర్చుని చిక్కుపడిన దారాలు విడదీస్తూ, వచ్చేపోయేవాళ్ల మంచిచెడ్డలు ఆరా తీస్తూ ఉంటుంది.

రఫూకి రంగు కుదరడమే ప్రాణం. ఆ దీపాల కింద ముదురు నీలం నలుపులా, ఆకుపచ్చ బూడిదలా కనబడేది. దారం ఎంచుకోవాల్సి వచ్చినప్పుడల్లా అక్క బట్ట చంకన పెట్టుకుని వీధి మొగదాకా పరుగు తీసేది. ముసురు పట్టిన రోజున అక్కడా మసకే. అలాంటి రోజునే ఒకాయన కోటు ఇచ్చి, మర్నాడు పట్టుకెళ్లి, కాసేపటికే తిరిగొచ్చాడు.

"అమ్మా, నా కోటు నీలం. మీరు వేసింది నల్లదారం. బయట చూస్తే మోచేతికి మసి అంటినట్టుంది."

నిజమే. అక్క ముఖం చిన్నబోయింది. కుట్టంతా విప్పి, డబ్బు తీసుకోకుండా మళ్లీ వేసిచ్చింది. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. బస్సు నడిపే భర్త సంగతంతా విని, "పాత బజార్లలో కరెంటు తక్కువ తినే దీపాలు పెట్టుకుంటే ఖర్చులో సగం నగరపాలక సంస్థే ఇస్తుందని మా డిపోలో అనుకుంటున్నారు. వెళ్లి అడగరాదూ?" అన్నాడు.

"నేనా? ఆ ఆఫీసుకా?"

"దీపం కావాల్సింది నీకే కదా. నాకు బస్సుకి రెండున్నాయి, చాలు."

రెండు రోజులు తటపటాయించి, మూడోనాడు ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లింది. విద్యుత్తు విభాగం ఇంజనీరు నెమ్మదస్తుడు. కూర్చోబెట్టి, చెప్పిందంతా విన్నాడు. "పథకం ఉన్న మాట నిజమేనమ్మా. దారిలో దీపాలకి సగం మేమిస్తాం, మిగతా సగం దుకాణాలవాళ్లు పంచుకోవాలి. కానీ మీ అందరికీ లైను ఒకటే. అందుకని అందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా ఫైలు కదలదు. ఈ నెల దాటితే నిధులు వేరే పేటకి పోతాయి" అన్నాడు.

ఆఫీసు మెట్లు ఆగి ఆగి ఎక్కిన మనిషి, చకచకా దిగింది. ఆ సాయంత్రం నుంచే దుకాణం దుకాణం తిరిగింది. బట్టల దుకాణం ఆయన నసిగాడు గానీ బిల్లు సగానికి పడిపోతుందనేసరికి తలూపాడు. మంగలి, "నా బట్టతల ఇంకా మెరుస్తుందేమో, అయినా సరే కానీ" అన్నాడు. ఒకరిని చూసి ఒకరు సరేనన్నారు. అడ్డం తిరిగింది ఒక్కరే. పక్కనే ఉన్న గడియారాల బాబాయి.

"నాకొద్దమ్మా. ఇన్నేళ్లూ ఈ దీపాల కిందే బతికాను" అన్నాడు.

"మీ వాటా తర్వాత ఇద్దురు గాని బాబాయ్, ముందు మేం వేసుకుంటాం."

"డబ్బు గురించి కాదు. వద్దంటే వద్దంతే." భూతద్దం కంటికి పెట్టుకుని తల వంచేశాడు.

అక్కకి ఏడుపొచ్చినంత పనైంది. ఏనాడూ గట్టిగా మాట్లాడని మనిషి. తన దుకాణం తాళంచెవి పోతే, చేతిలో పని వదిలేసి వచ్చి తాళం తీసిచ్చిన మనిషి. తానేం తప్పు చేసిందో అర్థం కాలేదు.

"వాడి మీద అలగకు. ఏదో ఉంది" అంది అత్తగారు. మర్నాడు తన చేతి గడియారం తీసుకుని పక్క దుకాణానికి వెళ్లి, బల్ల ముందు బైఠాయించింది.

"పట్టీ ఊడింది తమ్ముడూ, బిగించిపెట్టు."

బాబాయి గడియారం అందుకున్నాడు. పట్టీని పట్టి ఉంచే చిన్న పుల్ల జారి బల్ల మీద పడింది. కళ్లెదుటే ఉన్న దాన్ని అరచేత్తో తడుముతూ వెతికాడు. "ఈ వెలుగొకటి చచ్చింది, ఏమీ కనబడి చావదు" అని విసుక్కున్నాడు.

పెద్దావిడ ఆ పుల్ల తీసి ఆయన చేతిలో పెట్టింది. గొంతు తగ్గించి అడిగింది. "కంట్లో పొర ఎప్పటి నుంచి?"

ఆయన గడియారం బల్ల మీద పెట్టేశాడు. "ఏడాది దాటిందక్కయ్యా" అన్నాడు. "పని ఆలస్యమైతే వెలుగు చాల్లేదంటున్నాను. అందరూ నమ్ముతున్నారు. రేపు మీ కోడలు పట్టపగల్లాంటి దీపాలు పెట్టిస్తే నేనేం చెప్పుకోను? ఇక నీ పని అయిపోయింది, ఇంట్లో కూర్చో అంటారు."

"నాకు రెండు కళ్లకీ ఆపరేషన్ చేశారు, మర్చిపోయావా? అంతకు ముందు పంచదారనుకుని కాఫీలో బట్టల సోడా వేయబోయాను. ఇప్పుడు చూడు, నీ చొక్కాకి రెండో గుండీ లేదు, ఇక్కణ్ణుంచే కనబడుతోంది."

బాబాయి గబుక్కున చొక్కా తడుముకుని నవ్వేశాడు. ఆ నవ్వుతోటే కళ్లు తుడుచుకున్నాడు.

ఆస్పత్రికి అత్తాకోడళ్లిద్దరూ వెంట వెళ్లారు. డాక్టరు చూసి, ఇది నయమయ్యేదేనని ఆపరేషన్‌కి రోజు చెప్పాడు. బయటికి వస్తూనే బాబాయి, "ముందు మీ ఇంజనీరు దగ్గరికి పదమ్మా, నెల అయిపోవస్తోంది" అన్నాడు.

మంజూరు వచ్చింది గానీ అడిగినంతా కాదు. బజారు వెనక ఉన్న దారికి దీపాలు ఈసారికి కుదరవన్నారు. అక్క ఇంకొంచెం గట్టిగా అడగాల్సిందని మంగలి సణిగాడు. అది వచ్చే ఏడు చూద్దామని అక్క సర్దిచెప్పింది.

కొత్త దీపాలు వెలిగిన రోజు ముందు అందరూ అబ్బా అన్నారు, తర్వాత పైకి చూసి చీపుళ్లు అందుకున్నారు. ఏళ్ల నాటి బూజంతా బయటపడింది మరి. బట్టల దుకాణం ఆయన రంగు వెలిసిన తానులు గుట్టుచప్పుడు కాకుండా చవక ధరల బల్ల మీదికి మార్చాడు. పాత ట్యూబులైట్ల మూలుగు పోయేసరికి, ఎప్పుడూ అరుచుకుంటూ మాట్లాడే మనుషులు మామూలుగా మాట్లాడుకోసాగారు. రఫూ అక్క తన బల్లని గుమ్మంలోకి జరుపుకుంది. కూర్చున్న చోటే నీలం నీలంగా కనబడుతుంటే, ఆ పూట పనిలేకపోయినా దారపు ఉండలన్నీ పరిచి చూసుకుంది.

ఆపరేషన్ అయిన కొన్నాళ్లకి బాబాయి నల్ల కళ్లద్దాలు తీసేసి పనిలో కూర్చున్నాడు. మొదటి మాటే, "ఏమ్మా, నువ్వు ఇంత చిక్కిపోయావేంటి?" అన్నాడు.

"చిక్కలేదు బాబాయ్, ఇన్నాళ్లూ మీకు ఇద్దరిలా కనబడ్డాను."

ఆ మాట బజారంతా తిరిగింది. దీపాల కబురు అంతకన్నా దూరం వెళ్లింది. చేపల బజారు ఆడవాళ్లు నలుగురు వచ్చి, "మాకూ ఆ ఆఫీసు దారి చూపించక్కా. చీకట్లో తూకం వేస్తుంటే కొనేవాళ్లు అనుమానిస్తున్నారు" అన్నారు. అక్క సూది గుచ్చి పక్కన పెట్టి, అత్తగారికి దుకాణం అప్పగించి లేచింది. ఈసారి ఇస్త్రీ చీర సంగతే గుర్తు రాలేదు. అయిదుగురూ కలిసి మెట్లెక్కుతుంటే గది గుమ్మంలో నుంచి చూసిన ఇంజనీరు లోపలికి తిరిగి, "బాబూ, ఇంకో నాలుగు కుర్చీలు వెయ్యి" అని కేకేశాడు.