చెవుల దేవుడి ఒడి

డుంబ్రిగుడ సంత దారిలో ఇడ్లీలమ్మే రత్నాలుకు భయమంటే తెలియదని అందరూ అంటారు. ఉత్త మాట. ఒక్క విషయంలో ఆవిడ పన్నెండేళ్లుగా గడగడలాడుతూనే ఉంది.

తల్లిలేని మనవరాలు సాయిదుర్గకు మూడేళ్లప్పుడు మలేరియా తలకెక్కింది. ఊరి పైన కొండమీద, భుజాల దాకా సాగిన చెవులతో ఒక రాతి దేవుడు కూర్చుని ఉంటాడు. అంతేసి చెవులున్నవాడు మొర వినకపోతాడా అని జనం ఆయన్ని చెవుల దేవుడనే పిలుస్తారు. పిల్ల బతికితే ఏటేటా కోడిని కోస్తానని రత్నాలు మొక్కుకుంది. పిల్ల బతికింది. దేవుడి కంటి ముందునుంచి కదిలితే తిరిగి తీసుకుపోతాడని ఆవిడ బెంగ. అందుకే పార్వతీపురం కాలేజీలో సీటొచ్చినా, ఆ గుంట ఎంత ఏడ్చినా, పంపనంది.

ఈ ఏడు మొక్కు రోజు పొద్దున్నే కాషాయం కట్టిన ముసలి భిక్షువొకాయన పాత్ర పట్టుకుని కొట్టు ముందు నిలబడ్డాడు. పెట్టమని అడగడు, పొమ్మన్నా నొచ్చుకునేలా లేడు. ఒకప్పుడు ఫణీంద్ర మాస్టారట, ఇల్లు విడిచి చాలా ఏళ్లయిందట. రత్నాలు నాలుగిడ్లీలు వేసింది. ఆయన కొండకు దారడిగితే, కోడిని చంకలో పెట్టుకుని తనే ముందు నడిచింది.

పైకి చేరాక ఆయన రాతి ముందు మూడుసార్లు నుదురు నేలకానించి, కళ్లు మూసుకుని తన ఊపిరినే గమనిస్తూ కూర్చున్నాడు. ఎంతకీ కదలడే. రత్నాలు నోరు ఊరుకోదు కదా.

"ఏటి సామీ సేత్తన్నారు? మా దేవుడు మీకెలా తెలుసు?"

"ఈయన బుద్ధుడమ్మా. రెండున్నర వేల ఏళ్ల కిందట రాజ్యం వదిలి, మనిషికి దుఃఖం ఎందుకని వెతికాడు. కోరినదాన్ని పట్టుకు వేలాడటం వల్లేనని కనుక్కున్నాడు. ఆ పట్టు సడలించుకునే దారి చెప్పాడు. దొంగతనం వద్దు, అబద్ధం వద్దు, అన్నిటికన్నా ముందు ప్రాణం తీయొద్దన్నాడు. ఆయన భిక్షువులు ఒకప్పుడు ఈ కొండల్లో తిరిగేవారేమో."

రత్నాలు కోడిని గబుక్కున వెనక్కి దాచుకుంది. ఇన్నేళ్ల కోళ్లూ ఆయన ఒళ్లోనే కోసింది.

"నాకు తెల్దు సామీ. కోపమొచ్చి గుంటని తీసుకుపోతాడేటి?"

"ఆయనకు కోపం లేదు. తీసుకోవడమూ లేదు, ఇవ్వడమూ లేదు. దేవుడినని ఆయన చెప్పుకోలేదు."

"మరి నా గుంటని బతికించినోడెవులు?"

"జ్వరమప్పుడు నువ్వేం చేశావమ్మా?"

ఏం చేసింది? బండి రాని దారిలో పిల్లను వీపున కట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. వారం రోజులు మంచం పక్కనుంచి లేవలేదు. అదంతా తన నోటితోనే చెప్పింది.

ఆవిడ కోడి కాళ్లకున్న తాడు విప్పేసింది. ఊటనీళ్లు తెచ్చి రాతి ఒడిని కడిగింది. ఏళ్ల నాటి పసుపూ నెత్తురూ పెచ్చులుగా ఊడి, అడుగునుంచి రెండు చేతులు బయటపడ్డాయి. ఒకదాని మీదొకటి, వెల్లకిలా, ఖాళీగా ఉన్నాయి. రత్నాలు తలెత్తి చూసింది. ఆ ముఖంలోని శాంతిని అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. చాలాసేపు చెయ్యెత్తి మొక్కడం కూడా మరిచిపోయింది.

తర్వాత మనవరాలికి ఫోన్ చేసింది. "బేగి బట్టలు సర్దుకోయే. కాలేజీకి ఎల్దువుగాని."

గుంట నమ్మలేదు. "మరి దేవుడు ఊరుకుంటాడా అమ్మమ్మా?"

"ఆయన నిన్నెప్పుడూ పట్టుకోనేదే. పట్టుకున్నది నానే."