ఓబులేసు పరీక్ష తప్పు కాదు

చాలా ఏళ్ళుగా ఒక మాట నాలో బరువుగా కూర్చుని ఉంది. పెద్ద మాటేమీ కాదు. ‘లేదు’ అన్న మాట. ఒక మనిషి నన్ను సూటిగా ఒక ప్రశ్న అడిగాడు. నేను లేదన్నాను. అది అబద్ధం. ఆ అబద్ధంతో అతని ఉద్యోగం పోయింది, నాకు పేరొచ్చింది.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పాలని కూర్చున్న ప్రతిసారీ నన్ను నేను కాపాడుకునేటట్టే చెప్పాను. సగం చెప్పి, మిగతా సగం నవ్వి వదిలేశాను. ఈసారి అట్లా చేయకూడదనుకుంటున్నాను. చేస్తానేమో, చూడాలి.

మాది ఆళ్ళగడ్డ. నాయన రాతి శిల్పి. నేను డిగ్రీకి రోజూ నంద్యాలకు బస్సులో పోయివచ్చేదాన్ని. తొంభైల మొదటి సంవత్సరాలవి. రెండో సంవత్సరంలో ఉండగా అదే బస్సులో, అదే కాలేజీకి ఒక కొత్తబ్బాయి రావడం మొదలుపెట్టాడు. సన్నగా, పొట్టిగా ఉండేవాడు. అహోబిలం దగ్గర చెంచుగూడెం అతనిది. ఆళ్ళగడ్డ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. పేరు ఓబులేసు. నాకంటే ఏడాది చిన్న కాబట్టి అక్కా అనేవాడు.

ఆ ఏడాది కాలేజీలో సైన్సు ప్రదర్శన పెట్టారు. మా ఇద్దరికీ బోరు నీళ్ళలో సున్నం ఎంతుందో కొలిచే పని ఇచ్చారు. మా వైపు నేలంతా నాపరాయి. నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది. ప్రతి ఊరి నీళ్ళనూ ఒకసారి కొలిచి అంకె రాసుకోవడం నా పద్ధతి. ఓబులేసు మూడుసార్లు కొలిచేవాడు. మూడు అంకెలూ చుక్క తేడా లేకుండా వచ్చేవి. రాకపోతే ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. బస్సు పోతుంది రా అని నేను విసుక్కునేదాన్ని. అతని చేయి ఎంత నిలకడైనదో నాకు అప్పటి నుంచే తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి. తెలియక చేశాను అని నేను చెప్పుకోవడానికి వీల్లేదు.

నేను ఎమ్మెస్సీలో చేరిన ఏడాది నాయనకు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వచ్చింది. కర్నూలు ఆసుపత్రిలో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించాం. నాలుగు నెలలే బతికాడు. ఆ తర్వాత నేను కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి, రెండు వేల సంవత్సరం దాటాక హైదరాబాదులో ఒక మందుల పరిశోధన సంస్థలో చేరాను. కొన్నాళ్ళకు ఒక చిన్న బృందాన్ని నా చేతికిచ్చారు. అక్కడ బృందం నడిపే ఆడమనిషిని నేనొక్కదాన్నే.

మా పని ఏమిటో కొంచెం చెప్పాలి. మన ఒంట్లో రోగంతో పోరాడే కణాలు ఉంటాయి. క్యాన్సర్ గడ్డను కూడా అవి చంపగలవు. కానీ కొన్ని గడ్డలు ఒక ఎంజైమ్‌ను తయారుచేసుకుంటాయి. అది చుట్టుపక్కల ఉన్న ట్రిప్టోఫాన్ అనే పదార్థాన్నంతా విరగ్గొట్టేస్తుంది. మనం తినే పప్పులోనూ పాలలోనూ ఉండేదే అది. అది దొరక్కపోతే పోరాడే కణాలు నీరసించి పడిపోతాయి. గడ్డ హాయిగా పెరుగుతుంది. ఆ ఎంజైమ్ నడిమధ్యలో ఒక ఇనుప పరమాణువు ఉంటుంది, దాని చుట్టూ చిన్న ఖాళీ. ఆ ఖాళీలో సరిగ్గా కూర్చుని ఇనుమును పట్టుకునే చిన్న అణువును మేము తయారుచేయాలి. అప్పుడు ఎంజైమ్ ఆగుతుంది. ఒంట్లోని కణాలు లేచి వాటి పని అవి చేసుకుంటాయి.

చిక్కేమిటంటే, కాలేయంలో ఇదే పని చేసే ఎంజైమ్ ఇంకొకటి ఉంది. దాన్ని ఆపకూడదు. ఆపితే తిన్న తిండిలోని ట్రిప్టోఫాన్ రక్తంలో పేరుకుపోతుంది. ఒకదాన్ని ఆపాలి, రెండోదాన్ని ముట్టుకోకూడదు. మా కష్టమంతా అక్కడే. ఏడాదిన్నర పాటు ఒక్కో అణువుకు ఒక్కో చోట చిన్న మార్పు చేస్తూ పోయాం. పదిహేడోది కుదిరింది. దానికి నేనొక లావుపాటి తోకలాంటి భాగం తగిలించాను. గడ్డ ఎంజైమ్‌లో ఆ తోకకు చోటుంది. కాలేయం ఎంజైమ్‌లో లేదు. కాగితం మీద చూసుకుంటే ఎంత అందంగా ఉండేదో! నాయన ఉంటే చూపించేదాన్ని అనుకున్నాను.

తయారుచేసిన అణువు నిజంగా పనిచేస్తోందా లేదా అని పరీక్షించేవాడు ఓబులేసు. అతను అప్పటికి బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి కర్నూలులో చిన్న ఉద్యోగంలో ఉంటే, నేనే మాట్లాడి కాంట్రాక్టు మీద తెప్పించాను. పరీక్ష చూడటానికి సులువే. తొంభై ఆరు చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు. గుంటలో ఎంజైమ్, మా అణువు, ట్రిప్టోఫాన్ మూడూ ఒకేసారి వేస్తారు. చివర్లో ఒక రసాయనం కలిపితే, ఎంజైమ్ పనిచేసిన చోట పసుపు రంగు వస్తుంది. ఆగిపోయిన చోట రంగు రాదు. పదిహేడో నంబరు వేస్తే గడ్డ ఎంజైమ్ గుంటలు తెల్లగా ఉండిపోయాయి. కాలేయం ఎంజైమ్ గుంటలు పసుపుపచ్చగా మెరిశాయి. మాకు కావలసింది అదే. ఆ రోజు అందరం బయటికెళ్ళి బిర్యానీ తిన్నాం.

పై అధికారుల ముందు ఈ ఫలితం పెట్టాల్సింది ఒక సోమవారం. అంతకు ముందు శుక్రవారం ఓబులేసు ఒక ప్లేటు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అణువునూ కాలేయం ఎంజైమ్‌నూ కలిపి ఒక అరగంట ఊరికే ఉంచి, ఆ తర్వాత ట్రిప్టోఫాన్ వేశాడట. గుంటలన్నీ తెల్లగా ఉన్నాయి. అంటే కాలేయం ఎంజైమ్‌నూ ఇది ఆపుతోంది. కాకపోతే నిదానంగా.

మూడుసార్లు చేశానని చెప్పాడు. నేను అడగలేదు, అతనే చెప్పాడు.

చూస్తానని పంపించేశాను. ఆదివారం ల్యాబులో ఎవరూ ఉండరని పొద్దున్నే వెళ్ళాను. ఫ్రీజర్లోంచి కాలేయం ఎంజైమ్ ట్యూబు ఒకటి తీసి, అతను చేసినట్టే అరగంట ఉంచి చేశాను. ఏం కోరుకున్నాను ఆ అరగంట? పచ్చగా రావాలని కోరుకున్నాను. అతని చేయి తప్పు కావాలని కోరుకున్నాను. నీళ్ళు మూడుసార్లు కొలిచిన ఆ చేయి.

రంగు రాలేదు. ఒక్క గుంటలో కూడా.

ప్లేటు చెత్తలో వేశాను. నోటుబుక్కులో రాయలేదు. ఏం చేస్తే సరిపోతుందో నాకు తెలియకపోలేదు. తోక మార్చాలి. ఇంకో ఆరు నెలలు పడుతుంది. సోమవారం ఆ మాట చెప్పవచ్చు. చెబితే ఏమయ్యేది? ప్రాజెక్టు ఇంకొకరికి ఇచ్చేవాళ్ళేమో. ఇవ్వకపోయేవాళ్ళేమో కూడా. ఆ ‘ఏమో’ను భరించలేకపోయాను. భయమే అసలు కారణం అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయం ఒక్కటే కాదు. ఆ అణువు నాది. దానికి వంక పెట్టింది నేను తెచ్చిపెట్టిన మనిషి. అది కూడా ఉంది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఉంది.

సోమవారం బల్ల చుట్టూ పదకొండు మందిమి కూర్చున్నాం. చివరి కుర్చీలో ఓబులేసు. నేను చెప్పడం అయ్యాక మా డైరెక్టరు, అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు, శుక్రవారం ప్లేటు సంగతేమిటని అడిగాడు.

“అది సరిగ్గా రాలేదు సార్. చేయడంలో తేడా జరిగింది,” అన్నాను.

డైరెక్టరు ఓబులేసు వైపు చూసి నవ్వాడు. అడవి నుంచి వచ్చినవాళ్ళకు ఇట్లాంటి సున్నితమైన పని అలవాటు కావాలంటే టైము పడుతుందిలే అన్నాడు. బల్ల చుట్టూ నవ్వులు. నేను కూడా నవ్వాను. గట్టిగా కాదు. పెదవులు కదిపాను. గట్టిగా నవ్వలేదు కదా అని కూడా కొన్నాళ్ళు సర్దిచెప్పుకున్నాను.

మీటింగు అయ్యాక వరండాలో ఓబులేసు నా వెనకే వచ్చాడు.

“అక్కా, ఒకటడుగుతా. నువ్వు మళ్ళా చేసి చూసినావా?”

“లేదు.”

“చూడనే లేదా?”

“టైము యాడుంది ఓబులేసూ?”

“ఫ్రీజర్లో లివర్ ఎంజైమ్ ట్యూబు ఒకటి తక్కువుండాది. శుక్రవారం ఆరు పెట్టినా. ఇప్పుడు ఐదే ఉండాయి.”

“ఎవరన్నా వాడింటారు.”

“అది వాడేది మనిద్దరమే కదక్కా.”

నాకు పనుందని చెప్పి వెళ్ళిపోయాను. వెనక్కి తిరిగి చూడలేదు. అతను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. రెండు నెలలకు అతని కాంట్రాక్టు ముగిసింది, పొడిగించలేదు. పనిలో జాగ్రత్త లేదని కాగితంలో రాశారు. ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది. ఇంకో నెలకు నన్ను పై హోదాకు పెంచారు.

పదిహేడో అణువు ఎలుకల దాకా వెళ్ళింది. వాటి రక్తంలో ట్రిప్టోఫాన్ పేరుకుపోయింది. బయట ఒక ల్యాబుకు పంపి పరీక్ష చేయిస్తే, ఇది కాలేయం ఎంజైమ్‌ను కూడా నిదానంగా ఆపుతోందని రాసి పంపారు. ఓబులేసు చెప్పిందే. ఏడాది పోయింది. ప్రాజెక్టు ఆపేశారు. ఆరు నెలల్లో తోక మార్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. మందు అయ్యేదని నేను అనను. ఈ పనిలో వందల అణువులు దారిలోనే ఆగిపోతాయి. కానీ ఆ ఆరు నెలలు దానికి దక్కకుండా చేసింది నేను. ఆ రిపోర్టు వచ్చిన రోజు ఎవరికీ ఓబులేసు గుర్తు రాలేదు. నాకు వచ్చింది. నోరు విప్పలేదు.

మూడు నాలుగేళ్ళకు, అమ్మకు ఒంట్లో బాగాలేదంటే ఆళ్ళగడ్డ వెళ్ళాను. రక్తపరీక్ష చేయించాలి. నంద్యాల తీసుకుపోతానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. “నంద్యాలెందుకుమే? ఈడ బస్టాండు కాడ ఓబులేసు ఉండాడు. డాక్టర్లే ఆయప్ప రిపోర్టు తెమ్మంటాండారు,” అంది. అమ్మకు అతను నాతో పనిచేశాడని తెలుసు. ఎందుకు మానేశాడో తెలియదు.

చిన్న గది. రెండు కుర్చీలు, ఒక మైక్రోస్కోపు, గోడకు అహోబిలం నరసింహస్వామి పటం. నన్ను చూసి, “బాగుండావా అక్కా,” అన్నాడు. అమ్మ చేతికి నొప్పి తెలియకుండా సూది గుచ్చాడు. మరుసటి రోజు పొద్దున రిపోర్టు తీసుకోవడానికి ఒక్కదాన్నే వెళ్ళాను. గదిలో ఎవరూ లేరు. చెప్పేశాను. ఆదివారం వెళ్ళింది, ట్యూబు తీసింది, రంగు రానిది, అన్నీ. చెబుతూ ఏడ్చాను కూడా.

అతను అంతా విన్నాడు. “నాకు తెలుసు కదక్కా. ఆ పొద్దే తెలుసు.”

“మరి అప్పుడే ఎందుకు అనలేదు?”

“నేనంటే నమ్ముతారా? నువ్వంటే నమ్ముతారు. అందుకే నువ్వంటావని చూసినా.” అమ్మ రిపోర్టు వెతుకుతూ అన్నాడు. “అందరి ముందర నన్ను తప్పన్నావ్. ఎవరూ లేనప్పుడొచ్చి కాదంటాండావ్. నాకు తెలిసిందే నాకు చెప్తే నాకేమొస్తాది? ఆడ చెప్పు.”

గొంతు పెంచలేదు. అమ్మ రిపోర్టు నా చేతికిచ్చి, షుగర్ కొంచెం ఎక్కువుంది, అన్నం తగ్గించమని చెప్పాడు. బయట బెంచీ మీద అప్పుడే ఎవరో వచ్చి కూర్చున్నారు. ఆయన్ని లోపలికి పిలిచాడు.

ఆడ చెప్పు. ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకు నేను చెప్పలేదు. ఇది నా రెండో తప్పు, మొదటిదానికంటే చిన్నదని అనుకోను. అతనికి చెప్పాను కదా, ఇంకేం కావాలి అని లోపల కోపం కూడా వచ్చింది. ఏడ్చినందుకు నాకేదో రావాలని ఎదురుచూశానన్నమాట. హైదరాబాదు వెళ్ళి మళ్ళీ పనిలో పడ్డాను. ఏళ్ళు గడిచాయి. ఆ సంస్థ చేతులు మారింది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు తలో దిక్కు వెళ్ళిపోయారు. చెప్పడానికి ఆ గది కూడా మిగల్లేదు.

పోయిన నెల మా పాత డైరెక్టరుకు ఫోన్ చేశాను. ముసలాయన అయ్యాడు. మొత్తం చెప్పాను. ఎవరా అబ్బాయి అన్నాడు. పేరు చెప్పినా గుర్తు రాలేదు. “ఇవన్నీ ఇప్పుడెందుకమ్మా, పరిశోధనలో ఇవి మామూలే,” అన్నాడు. మిగతావాళ్ళలో నలుగురి చిరునామాలు దొరికాయి. నలుగురికీ నా పేరుతోనే రాశాను. ఒకరు పాపం అని జవాబిచ్చారు. మిగతా ముగ్గురూ ఏమీ అనలేదు.

అందుకని ఇక్కడ చెబుతున్నాను. ఇదంతా ఓబులేసు చదువుతాడో లేదో తెలియదు. చదివితే మెత్తబడతాడని ఆశ పెట్టుకోలేదు. మెత్తబడాల్సిన అవసరం అతనికి లేదు. నా పేరు ఇక్కడ రాయలేదని మీరు గమనించే ఉంటారు. అంత పిరికితనం ఇంకా మిగిలే ఉంది.

పదిహేడో అణువు కాలేయం ఎంజైమ్‌ను కూడా ఆపుతుంది. ఆ సంగతి అందరికంటే ముందు కనుక్కున్నది ఓబులేసు. అతని పరీక్షలో ఏ తప్పూ లేదు. నేను స్వయంగా చేసి చూశాను, అదే వచ్చింది, చూడలేదని అబద్ధమాడాను.

ఇన్నేళ్ళూ చెప్పాల్సింది ఇంతే. ఎవరూ నన్ను తిట్టలేదు, మంచి పని చేశావనీ అనలేదు. ఊపిరి మాత్రం ఇవాళ కొంచెం లోపలిదాకా పోతోంది.