చెంచాడు నీళ్లు

మా అమ్మాయి మే నెలలో పుట్టింది. ఉద్దానంలో మే నెలంటే కొబ్బరితోటలో కూర్చున్నా చెమట ఆగదు. అలాంటి ఎండల్లో, పిల్లకి ఆరు నెలలు నిండేదాకా చుక్క నీళ్లు కూడా పట్టొద్దని టెక్కలి ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పి పంపింది. తల్లిపాలలోనే నీళ్లుంటాయి, అవి చాలంది. నేను సరేనన్నాను. సరే అన్నాక ఇక నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఆ సంగతి మా ఆయనకి పెళ్లైన వారంలోనే తెలిసింది.

నాకు అమ్మ లేదు. అందుకని పురుడు అత్తగారింట్లోనే పోసుకున్నాను. అత్త మంచి, వేము తీపి ఉండవంటారు గానీ, మా అత్త నాకు తలంటి, సాంబ్రాణి పొగ వేసి, కారప్పొడి కలిపిన ముద్దలు దగ్గర కూర్చుని తినిపించిన మనిషి. తగువంతా నీళ్ల దగ్గరే వచ్చింది. బాలింత నీళ్లు ఎక్కువ తాగితే ఒంటికి నీరు పడుతుందని, పొట్ట దిగదని ఆవిడ నమ్మకం. పూటకి ఒక గ్లాసుడు కాచిన నీళ్లు ఇచ్చేది, అంతే. పసిదానికి మాత్రం చెంచాతో పట్టాలట. తాగాల్సినదాన్ని ఎండగట్టి, తాగకూడనిదానికి పోస్తానంటే నాకు ఒళ్లు మండదా?

పిల్ల పగలంతా నిద్రపోయేది. రాత్రి పది దాటాక మొదలుపెట్టేది. ఒకవైపు పాలిచ్చి, రెండోవైపు ఇచ్చి, భుజాన వేసుకుని వీపు నిమిరి, నిద్రపోయిందని మెల్లగా పక్క మీద పెడితే, నడుం వాల్చేలోపే మళ్లీ ఏడుపు. చనుమొనలు పగిలిపోయి, అది నోరు పెట్టినప్పుడల్లా ప్రాణం పోయినట్టుండేది. పాలు చాలడం లేదేమోనని నాకూ భయమే. పైకి అంటే ఓడిపోతానని అనలేదు. పొద్దున్నే తడిగుడ్డలన్నీ ఉతికి, అత్తకి కనబడేలా వీధి వైపు తీగ మీద ఆరేసేదాన్ని. పాలు తాగని పిల్ల ఇన్ని గుడ్డలు తడుపుతుందా అని.

ఆవిడ గుడ్డల వైపు చూసేది కాదు. రాత్రి ఏడుపు వినబడగానే గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

“గొంతు ఎండిపోతందే దానికి. రెండు సుక్కలు పట్టు.”

“ఒద్దత్తా. పాలల్లోనే నీల్లుంటాయంట.”

“నాను ముగ్గుర్ని పెంచినాను. ఒక్కడైనా నీల్లు తాగి సచ్చినాడేటి?”

“ఏ నీల్లు పడతావు? ఈ ఊరి నీల్లా?” అన్నాను.

మా ఊళ్లో ఆ మాట అలా అనకూడదు. కిడ్నీ జబ్బుతో మా మామ పోయి అప్పటికి రెండేళ్లు. ఇక్కడి నీళ్ల వల్లేనని కొందరు, కాదని కొందరు, ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. అత్త మర్నాడు మనవరాలి కోసమని మంచినీళ్ల టిన్ను వేరుగా కొనిపించి, ఎవరూ ముట్టుకోకూడదని చెప్పి వంటింట్లో పెట్టింది.

మా ఆయన పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి వచ్చి మా ఇద్దరి మధ్యా కూర్చునేవాడు. విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం. “ఒక్క సెంచాడే గదా, పోనీ” అన్నాడొకసారి. రాత్రి ఎన్నిసార్లు లేచావో చెప్పి ఆ తర్వాత మాట్లాడమన్నాను. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పదో రోజున తూకం వేస్తే పిల్ల పుట్టినప్పటి బరువు కూడా లేదు. నర్సమ్మ ఇంకో నాలుగు రోజులు చూద్దామంది. ఆటోలో అత్త నా మొహంలోకి చూడలేదు. ఇంటికి రాగానే నేనే అన్నాను. “నాలుగు రోజులు ఆగత్తా. అప్పటికీ బరువు రాకపోతే నీల్లు పడతావో, డబ్బాపాలు పడతావో నీ ఇట్టం.”

నేనే గెలిచాను. నాలుగో రోజున కాటా ముల్లు పుట్టినప్పటి గీత దాటింది. గెలిచిన సంగతి దాచుకునే మనిషిని కాను, అందుకే ముందే చెప్పేస్తున్నాను. కానీ ఇదంతా రాసింది దానికి ముందు రాత్రి కోసం.

ఆ రాత్రి కరెంటు లేదు, లాంతరు వెలిగించుకున్నాం. పాలిస్తూనే గోడకి ఆనుకుని కునుకు తీశాను. మెలకువ వచ్చేసరికి ఒళ్లో పిల్ల లేదు. ఎదురుగా అత్త ఒళ్లో ఉంది. చెంచా దాని పెదవుల దగ్గరుంది. లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నీళ్లు పిల్ల గుండెల మీద ఒలికాయి.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“మీ మావ కూడా రాత్రిల్లు ఇలాగే ఏడిసీవోడు,” అంది. “నీల్లియ్యే, నీల్లియ్యే అని. తాగితే ఊపిరితిత్తుల్లోకి ఎల్లిపోద్దని డాట్రు కొలత పెట్టినాడు. గుక్కెడు ఎక్కువ ఇయ్యనేదు నాను. సెంబు దాసీదాన్ని. ఆకరి రాత్రి కూడా అడిగినాడు. తెల్లారి డయాలిసిస్ అయిపోనాక ఇత్తానన్నాను. తెల్లారకుండానే పోనాడు. ఇది ఏడుత్తంటే ఆ మనిసే అడుగుతన్నట్టుంటాది నాకు.”

నాకు ఏడుపొచ్చింది. ఈ ఊరి నీళ్లా అని నేనన్న మాటకి సిగ్గుతో చచ్చిపోయాను. అయినా పిల్లని నా ఒళ్లోకి తీసుకున్నాను. చెంచా మాత్రం దాని దగ్గరికి రానివ్వలేదు. జాలిపడి పిల్లకి నీళ్లు పట్టించే తల్లిని కాను నేను.

“దీనికి ఇయ్యనత్తా. దీని దాహం నా పాలతోనే తీరాలి,” అన్నాను. “నాకే నోరెండిపోతంది. నాకియ్యి.”

అన్ని రోజుల్లో ఆవిణ్ని నీళ్లు అడగడం అదే మొదలు. ఇచ్చిన గ్లాసుడుతోనే పంతం కొద్దీ గడిపాను. పిల్ల నోరు నా రొమ్ము వెతుక్కుంటోంది. అత్త లేచి వంటింట్లోకి వెళ్లింది. నిండా చెంబుడు నీళ్లు తెచ్చి నా నోటికి తనే పట్టింది.

“తాగు. ఎంత కావాలంటే అంత తాగు. నీకు ఏ డాట్రూ ఒద్దన్నేదు గదా.”

ఆపకుండా తాగాను. ఆవిడ నా గొంతు వైపే చూస్తూ, ఆఖరి చుక్క దాకా చెంబు వంచి పట్టుకుంది. అయిపోయాక చీరకొంగుతో నా మూతి తుడిచి, “ఇంకా తేనా?” అని అడిగింది.